మట్టికి కూడా ఈసీ కావాలె

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఈ హాలులో కూర్చున్న ఉద్యోగ మిత్రుల్లో చాలామంది ప్లాటో, ఫ్లాటో కొన్నవాళ్లో, కొనాలనుకుంటున్నవాళ్లో ఉంటరు. కొనేముందు ఏం చేస్తం? రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి ఈసీ తీస్తం. బ్యాంకులో తాకట్టు ఉన్నదా, ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మిండ్రా అని వెనకటి ఏండ్లన్నీ తిరగేస్తం. లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తం. మంచిదే. కానీ ఆ మట్టిలో సీసం ఉన్నదా, క్రోమియం ఉన్నదా, కింద బోరు నీళ్లలో ఏ రసాయనం కలిసిందో ఏ ఈసీ చెప్తది? భూమి మీద అప్పుంటే కాగితంలో కనపడ్తది. భూమి లోపల విషం ఉంటే ఏ కాగితంలోనూ కనపడదు. ఇయ్యాళ నేను మాట్లాడేది ఆ కనపడని బాకీ గురించి.

ఉద్యమం రోజుల్లో సంగారెడ్డి దిక్కు సభలకు పోయేటప్పుడు, పటాన్‌చెరు రాంగనే బస్సు కిటికీలు మూసేటోళ్లం. ఆ వాసన మా తరానికి బాగా గుర్తు. వాసనైతే కిటికీ మూసుకుంటే తప్పించుకోవచ్చు. మట్టిలోకి దిగిన దాన్ని ఎట్ల తప్పించుకుంటం? ఇది నేను ఊహించి చెప్తున్న మాట కాదు. మన హబ్సిగూడలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి 2001లో ఒక పరిశోధన అచ్చువేసిండ్రు. కాటేదాన్ మట్టి మీద 2008లో ఇంకొకటి వేసిండ్రు. రెండు చోట్లా భారలోహాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నయని తేలింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాత వచ్చిన నీళ్లవి, గమనించాలె.

ఆ ప్రాంత రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి తిరిగి, 2017లో తీర్పు వచ్చింది. 27 ఏండ్లు! కేసు మొదలైనప్పుడు పుట్టిన పిల్లగాడు తీర్పు నాటికి డిగ్రీ అయిపోయి కొలువు వెతుక్కుంటున్నడు.

మరి ఈ ముచ్చట ఇప్పుడెందుకు అంటరా? 2025 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం హిల్ట్ అనే విధానం తెచ్చింది. ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని చుట్టుపక్కల ఉన్న పాత పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలను ఇండ్లు, ఆఫీసులు, ఇతర అవసరాలకు మార్చుకోవచ్చు, అందుకు ప్రభుత్వానికి ఫీజు కట్టాలె అన్నది దాని సారం. ఫీజు తక్కువైంది, ఎవరికో లాభమైంది అని పార్టీల మధ్య పెద్ద రగడ నడిచింది. ఆ రగడంతా భూమి ధర మీదనే. ఆ భూమి లోపల ఏమున్నదన్న ప్రశ్న మాత్రం వెనకబడ్డది. ఫ్యాక్టరీలు ఊరి బయటికి పోవాలన్నది మనం కూడా అడిగిందే. కానీ ఫ్యాక్టరీ పోయినంత మాత్రాన దాని విషం పోదు. యంత్రాలు లారీ ఎక్కుతయి, విషం అక్కడనే ఉంటది.

మిత్రులారా! ఈ పని మనకంటే ముందు చేసిన చోటు ఏదన్నా ఉన్నదా అని వెతికితే అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం కనపడ్డది. అమెరికా గొప్పదని చెప్పడానికి కాదు. ఈ తప్పు మనకంటే ముందు చేసి, దెబ్బతిని నేర్చుకున్న దేశం అది. ఆ దెబ్బ సంగతి ముందు చెప్తా.

న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా ఫాల్స్ ఊరి దగ్గర లవ్ కెనాల్ అని, మధ్యలో ఆగిపోయిన ఒక పాత కాలువ ఉండేది. హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి సుమారు పదేండ్లు అందులో 20 వేల టన్నులకు పైగా రసాయన వ్యర్థాలను పారబోసింది. మట్టి కప్పింది. 1953లో ఆ జాగను స్కూలు బోర్డుకు అమ్మింది. ఎంతకు? ఒక్క డాలరుకు! అమ్మకం కాగితంలో కింద రసాయనాలున్నయని, ఏమన్నా అయితే మాకు సంబంధం లేదని రాసుకున్నది. ఆ జాగలో బడి కట్టిండ్రు. చుట్టూ ఇండ్లొచ్చినయి. తర్వాత ఇండ్లు కొన్నవాళ్లకు ఆ కాగితం సంగతి ఎవరు చెప్పిండ్రు? నేలమాళిగల్లో రసాయనాలు ఊరినంక, పిల్లల ఆరోగ్యం చెడినంక బయటపడ్డది. లోయిస్ గిబ్స్ అనే ఒక సాధారణ గృహిణి, ఆ బడిలో చదివే పిల్లగాని తల్లి, వాడకట్టును కూడగట్టి కొట్లాడింది. 1978లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి వందల కుటుంబాలను అక్కడి నుంచి తరలించాల్సి వచ్చింది.

ఆ పోరాటాల వేడిలోనే 1980లో సూపర్‌ఫండ్ అని పిలిచే కేంద్ర చట్టం వచ్చింది. చాలా గట్టి చట్టం. విషం పోసినోడే కాదు, ఇప్పటి యజమాని కూడా బాధ్యుడే. ఎప్పుడో పోసిన దానికి కూడా లెక్క చెప్పాల్సిందే. న్యాయమే. కానీ దానికొక ఎదురుదెబ్బ తగిలింది. పాత ఫ్యాక్టరీ జాగ కొంటే మన మెడకు ఏం చుట్టుకుంటదో అని కొనేవాళ్లు భయపడ్డరు. బ్యాంకులు అప్పులియ్యలేదు. కొత్త కంపెనీలన్నీ ఊరి బయట పచ్చని పొలాల దిక్కు పోయినయి. పాత జాగలు తుప్పు పట్టిన గేట్లతోని, పిచ్చి చెట్లతోని పడావు పడ్డయి. నిజంగా విషం ఉన్న జాగలే కాదు, ఉన్నదేమోనని అనుమానం ఉన్న జాగలు కూడా! ఇట్లాంటి వాటినే వాళ్లు బ్రౌన్‌ఫీల్డ్ అంటరు. గుర్తుపెట్టుకోవాలె, ఆ పదానికి విషం రుజువు కానక్కరలేదు, అనుమానం చాలు.

ఉక్కు ఫ్యాక్టరీల రాష్ట్రమైన పెన్సిల్వేనియాకు ఈ దెబ్బ బాగా తగిలింది. 1995లో ఆ రాష్ట్రం ఒకేసారి మూడు చట్టాలు తెచ్చింది. రెండో నంబరు చట్టం ఎట్ల శుద్ధి చేయాల్నో చెప్తది. మూడో నంబరు చట్టం అప్పులిచ్చే బ్యాంకులకు, అభివృద్ధి సంస్థలకు భయం తీసింది. నాలుగో నంబరు చట్టం మట్టి పరీక్షలకు డబ్బు సాయం మొదలుపెట్టింది. ఈ మొత్తాన్ని వాళ్లు భూమి పునర్వినియోగ కార్యక్రమం అంటరు.

అది ఎట్ల పనిచేస్తదో విడమరిచి చెప్తా. ఒక పాత జాగలో పని మొదలుపెట్టాలనుకున్నోళ్లు, శుద్ధి చేయబోతున్నమని ప్రభుత్వానికి, అక్కడి మున్సిపాలిటీకి ముందుగా నోటీసు ఇయ్యాలె. పేపర్లో ప్రకటన వేయాలె. తర్వాత మట్టి, భూగర్భజలం పరీక్ష చేయించాలె. ఎంత శుభ్రం చేస్తే చాలు అన్నదానికి చట్టం మూడు కొలతలు పెట్టింది. ఒకటి, ఆ ప్రాంతంలో సహజంగా ఉండే స్థాయికి తేవడం. రెండు, రాష్ట్రమంతటికీ కలిపి ప్రభుత్వం ప్రకటించిన ఆరోగ్య పరిమితుల పట్టిక. అందులో ఇండ్ల జాగకు ఒక పరిమితి, ఇండ్లు కాని జాగకు ఇంకొకటి. మూడు, ఆ ఒక్క జాగకు మనుషులకు ఎంత ముప్పో లెక్కగట్టి పెట్టుకునే ప్రత్యేక కొలత. ఈ మూడో దారి పట్టినోళ్లు జనం అభిప్రాయాలకు 30 రోజులు గడువియ్యాలె. మున్సిపాలిటీ అడిగితే ప్రజలను కలుపుకొని పోయే ప్రణాళిక కూడా చేయాలె.

కొలత అందుకున్నమని చివరి నివేదికలో రుజువు చేస్తే, ఆ నివేదికలో చూపిన కాలుష్యం వరకు రాష్ట్ర చట్టం కింద బాధ్యత నుంచి విముక్తి దొరుకుతది. తర్వాత కొన్నవాళ్లకు కూడా అది వర్తిస్తది. మోసం చేసినట్టు బయటపడ్డా, కొత్త విషం దొరికినా ఆ విముక్తి నిలవదు. డబ్బు సంగతంటరా, పరీక్షలకు, శుద్ధికి గ్రాంట్లు, తక్కువ వడ్డీ అప్పులు ఉన్నయి. కానీ విషం పోసినోడికి ఆ పైసలు రావు. ఊరు తెలుసుకోవాల్సిన సూత్రం ఇది. ప్రజల డబ్బు పాడైన జాగకు, పాడుచేసినోడికి కాదు.

ఇంకొకటి నాకు అన్నిటికంటే నచ్చింది. కొన్ని చోట్ల విషాన్ని మొత్తం తవ్వి తీయరు, పైన మందంగా కప్పి వదిలేస్తరు. అట్లాంటప్పుడు 2007లో వచ్చిన ఇంకొక చట్టం కింద, ఇక్కడ బోరు వేయొద్దు, ఈ కప్పు తవ్వొద్దు, ఇండ్లు కట్టొద్దు అన్న షరతులను భూమి దస్తావేజుల్లోనే నమోదు చేయాలె. భూమి ఎన్ని చేతులు మారినా ఆ షరతు భూమితోనే పోతది. నేను మొదట అడిగిన ప్రశ్న గుర్తున్నదా? మట్టికి ఈసీ అంటే అదే!

దీనికొక ఉదాహరణ బెత్లెహేమ్ పట్నం. బెత్లెహేమ్ స్టీల్ ఒకప్పుడు అమెరికాలో రెండో పెద్ద ఉక్కు కంపెనీ. గోల్డెన్ గేట్ వంతెనకు ఉక్కు ఇచ్చింది వాళ్లే. 1995లో ఆ పట్నంలో ఉక్కు పోత ఆగిపోయింది. సుమారు 1,800 ఎకరాల జాగ మిగిలింది. ఈ చట్టం కిందనే ముక్కలు ముక్కలుగా శుద్ధి చేసుకుంట వచ్చిండ్రు. ఒక భాగంలో గోదాములు, పరిశ్రమలు. ఇంకొక భాగంలో 2009లో క్యాసినో, 2011లో కళాకేంద్రం. పాత బ్లాస్ట్ ఫర్నేసులను కూల్చకుండా ఉంచిండ్రు, వాటి ముందర ఇప్పుడు పాటల కచేరీలు జరుగుతయి.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పకపోతే నేను జర్నలిస్టునే కాదు. ఆ కంపెనీ 2001లో దివాళా తీసింది. 2003లో సుమారు 95 వేల మంది రిటైర్డ్ కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోయింది. భూమికి బాధ్యత నుంచి విముక్తి దొరికింది. ఆ భూమి మీద చెమటోడ్చినోడికి మందుబిళ్ల దొరకలేదు. ఇంకొక లోపం, గడువులోపల అధికారులు జవాబియ్యకపోతే నివేదిక ఆమోదించినట్టే లెక్క. మన ఆఫీసుల్లో ఫైళ్లు ఎట్ల కదుల్తయో ఇక్కడున్న ఉద్యోగ మిత్రులకు నేను చెప్పాలా? అట్లాంటి నిబంధన మన దగ్గరికి వస్తే ఏమైతదో మీరే ఊహించుకోండి. కాబట్టి అక్కడి చట్టాన్ని నకలు కొట్టమని నేను అనను. అందులోని వరుసను నేర్చుకుందాం. ముందు పరీక్ష, తర్వాత కొలత, తర్వాత జనానికి చెప్పుడు, తర్వాత శుద్ధి, ఆ తర్వాతనే కట్టుడు.

మన దేశంలో ఏమీ లేదా? ఉన్నది. 2025 జూలైలో కేంద్రం కలుషిత ప్రదేశాల నిర్వహణ నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానం ఉన్న జాగల జాబితా పంపాలె. 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష జరగాలె. ఇంకొక మూడు నెలల్లో వివరమైన సర్వే. కలుషితమని తేలితే ఆ జాగ పేరు బహిరంగంగా ప్రకటించాలె, రాకపోకలు కట్టడి చేయాలె. పాడుచేసినోడితోని ఖర్చు కట్టించాలె. వాడు దొరకకపోయినా, కట్టలేకపోయినా ప్రభుత్వాలు భరించాలె. అప్పటికి దేశం మొత్తంలో గుర్తించిన జాగలు 103, శుద్ధి పని మొదలైనవి 7. నియమాలైతే కాగితం మీదికి వచ్చినయి. వాటిని కదిలించాల్సింది మనం.

అందుకే మూడు పనులు అడుగుదాం. ఒకటి, పారిశ్రామికవాడల్లో వినియోగం మార్చే ప్రతి ఎకరానికి ముందు మట్టి, నీళ్ల పరీక్ష జరగాలె. ఫలితం తెలుగులో, ఉర్దూలో, ఆ గేటు మీదనే బోర్డు పెట్టాలె. రెండు, మార్పిడి ఫీజులో ఒక భాగం శుద్ధికి, చుట్టుపక్కల బస్తీల వైద్యానికి విడిగా పెట్టాలె. మూడు, మిగిలిన షరతులు రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఎక్కాలె, ఈసీలో కనపడాలె. విద్యార్థి మిత్రులు కెమిస్ట్రీ, జియాలజీ చదువుతున్నరు కదా, ఆ పాత పరిశోధనలు చదివి బస్తీల్లో చెప్పండి. ఉద్యోగ మిత్రులు సమాచార హక్కు దరఖాస్తు ఎట్ల రాయాల్నో నేర్పించండి.

ఒక్క మాటతో ముగిస్తా. మన భూములు మనకు కావాలని ఉద్యమంలో కొట్లాడినం. 2014లో రాష్ట్రం సాధించుకున్నం. భూమి మనదైతే దాని రోగం కూడా మనదే, దాని వైద్యం కూడా మన బాధ్యతే. రేపు ఆ తొమ్మిది వేల ఎకరాల్లో లేచే ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లో మన పిల్లలే ఉంటరు, ఆ ఆవరణలో ఆ మట్టిలోనే ఆడుకుంటరు. ఆడుకునే పిల్లగాడు ఈసీ అడగడు. వాడి తరఫున ఇయ్యాళ మనం అడగాలె.

సెలవు. జై తెలంగాణ!