సమోవా పల్లెలో పరదేశపు పంతులు

(హథ్‌ఖోజ్‌లో తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



భిలాయి కొలుములకు చేరువనున్న ఈ హథ్‌ఖోజ్‌లో కూర్చుండి, పసిఫిక్ మహాసముద్రమునందలి ఒక చిన్న ద్వీపపు బడిపంతులు ముచ్చట వినుట వింతగా తోచవచ్చును. అయినను సొంతయూరు విడిచి, పరభాష నడుమ పిల్లలను పెంచుకొనుచున్న వారికి ఆ ముచ్చట దూరపుది కాదు.

ఉపోలు, సవాయి అను రెండు పెద్ద ద్వీపములును, కొన్ని చిన్న లంకలును కలిసినదే సమోవా రాజ్యము. ఆపియా రాజధాని. జర్మనుల యేలుబడియు, పిమ్మట న్యూజిలాండు పాలనయు గడచి, 1962 జనవరి 1వ తేదీన ఆ దేశము స్వతంత్రమయ్యెను. అమెరికావారు 1961లో నెలకొల్పిన పీస్ కోర్ అను సేవాదళపు స్వచ్ఛంద సేవకులు 1967 నుండి అచటి పల్లెలలో పనిచేసిరి. ఆ దళము వారే 1961 మొదలు 1976 వరకు భారతదేశమునను సేవచేసిరి. సమోవాకు పోయినవారిలో పెక్కురు ఉపాధ్యాయులు. సేవాకాలము రెండేండ్లు. వారికి జీతము లేదు; ఊరివారివలె బ్రదుకుటకు చాలునంత భత్యము మాత్రమే కలదు.

అట్టి పంతులు పాఠము చెప్పుటకు ముందు తానే విద్యార్థి కావలెను. తొలినాళ్లలో ఒక గ్రామకుటుంబమున చేరి, వారి భాషయు మర్యాదయు అభ్యసించును. ఆ భాషకు మొదట అక్షరములు పదునాలుగే; అన్యదేశ్యముల కొరకు మరి మూడు చేరినవి. అక్షరములు కొలదియని భాష సులభమని తలంపరాదు. తినుటకు సామాన్యులయెడ ‘ఆయి’ యనియు, పెద్దలయెడ ‘తౌమఫ’ యనియు వేరువేరు మాటలున్నవి. ‘తినుము’, ‘ఆరగింపుడు’ అను భేదమెరిగిన తెలుగువారికి ఇందలి సూక్ష్మము వెంటనే బోధపడును. మాట తప్పిన పరదేశిని చూచి మొదట నవ్వువారు ఇంటి పిల్లలే, సరిదిద్దువారును వారే.

అచటి సంప్రదాయపు ఇల్లు ‘ఫలే’. స్తంభములపై కప్పు ఉండునే కాని గోడలు లేవు. వానవచ్చినప్పుడు కొబ్బరాకు తడికలు దింపుదురు. తెల్లవారగనే ఈనెల చీపురులతో వాకిలి ఊడ్చు చప్పుడు వినవచ్చును. కూర్చున్న పెద్దల యెదుటినుండి పోవలసినప్పుడు నడుము వంచి ‘తులోవు’ అని మన్నన పలుకవలెను. కూర్చున్నప్పుడు కాళ్లు ఎదుటివారివైపు చాపరాదు. భోజనమున చేమదుంప, సీమపనస, చేపలు ముఖ్యములు. లేత చేమాకులలో కొబ్బరిపాలు మూటకట్టి కాలిన రాళ్లపై ఉడికించు ‘పలుసామి’ వారికి మిక్కిలి ప్రీతి. అతిథికిని పెద్దలకును ముందు వడ్డించి, పిల్లలు పిమ్మట తిందురు. పసివారు చూచుచుండగా తాను ముందు తినుట పరదేశికి కష్టముగనే యుండును. తిననన్నచో ఇంటివారికి అవమానము.

బడిలో పని వేరొక విధమైన పరీక్ష. క్రింది తరగతులలో బోధన సమోవా భాషలో సాగును. పైకి పోయినకొలది ఆంగ్లము హెచ్చును. ఇంట వినని ఆ భాషను పుస్తకములో కూడబలుకుకొని చదువు బాలుని ప్రక్కన కూర్చుండి, చిన్న చిన్న జట్లుగా చదివించుటయే పంతులు ప్రధానకార్యము. పిల్లలు బిగ్గరగా ఒక్కపెట్టున వల్లింతురు. అందులో ఎవరికి అర్థమైనదో, ఎవరు గొంతు కలుపుచున్నారో తెలిసికొనుటకు నెలలు పట్టును.

సాయంసంధ్యవేళ శంఖమో గంటయో మ్రోగును. అది ‘సా’ అను ప్రార్థనాసమయము. నడచువారు నిలిచిపోవుదురు, ఇంటింటను కుటుంబము చేరి ప్రార్థించును. కుటుంబమునకు ‘మతాయి’ అను పెద్ద కలడు. మతాయిల సభ ఊరి కట్టుబాటులను నడపును. ఆ కట్టుబాటు పంతులకును వర్తించును. ఒంటరిగా ఉండుటకు చోటు దొరకని ఆ జీవితములో ఒక్కొక్కప్పుడు అతనికి తన యింటిపై బెంగ గలుగును. అతిథిని ఒంటరిగా విడుచుటయే అనాదరమని ఎరిగిన పిమ్మట, ఆ సందడియే ఆప్యాయత యని తోచును.

అయినను రెండేండ్లకు అతడు వెడలిపోవువాడే. 2020 మార్చిలో మహమ్మారి కారణమున ఆ దళమువారు అన్ని దేశములనుండియు తమ సేవకులను వెనుకకు పిలిపించిరి. ఊరి ఉపాధ్యాయుని తోడుచేసికొని పాఠము చెప్పినవాని శ్రమయే అట్టి దినమున నిలుచును. తానొక్కడే సర్వము చేసినవాని శ్రమ అతనితోడనే పోవును. ఇందుకు భిలాయియే సాక్షి. 1955 ఫిబ్రవరి 2వ తేదీ ఒడంబడిక ననుసరించి సోవియట్ నిపుణులు వచ్చిరి; 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు తొలి ఊదుకొలిమిని ప్రారంభించిరి. నిపుణులు వెడలిరి, కొలుములు భారతీయుల చేతులలో మండుచునే యున్నవి.

మరియొక విశేషము గమనింపదగినది. సమోవా జనసంఖ్య రమారమి రెండు లక్షలు. న్యూజిలాండులోనే దాదాపు అంతమంది సమోవా వంశీయులున్నారు. అచట పుట్టిన బిడ్డలకు ఇంటిభాష జారిపోవుచుండగా, తల్లులును చర్చి సంఘములును ‘ఆఓగా అమాతా’ అను పసిపిల్లల బడులు పెట్టి ఆ భాషలో ఆటపాటలు నేర్పిరి. ఏటేట సమోవా భాషావారమును జరుపుచున్నారు. ప్రభుత్వము చేయునని వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

భిలాయిలోని పెక్కు తెలుగు ఇండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురు; చదువుట వచ్చినవారు కొందరే. తాతగారి ఉత్తరమును తండ్రి చదివి వినిపింపవలసిన స్థితి. వేలమైళ్లు దాటి పరభాష నేర్చి పరుల పిల్లలకు చదువు చెప్పువారున్న లోకములో, ప్రక్కవీథి పిల్లలకు స్వభాష నేర్పుటకు ఆదివారము ఒక గంట దొరకదా? ఒక వసారా, నాలుగు పలకలు, ఓపికగల ఒక పెద్ద చాలును. ఆ పెద్ద ప్రక్కన ఒక యువకునో యువతినో కూర్చుండబెట్టవలెను. ఉద్యోగమున బదిలీ ఎవరికైనను తప్పదు. పంతులు మారినను బడి ఆగకుండుట ముఖ్యము.