రోజా, షుగరు వ్యాధి – నలుగురూ కలిస్తేనే క్షేమం



రంజాన్‌లో షుగరు రోగిని కాపాడటం డాక్టరుగారొక్కరి వల్ల అయ్యే పని కాదని మేము మనవి చేస్తున్నాము. ఆ నెల రావడానికి 6 నుంచి 8 వారాల ముందే డాక్టరు పరీక్షించి, రోజా ఉండవచ్చునో లేదో చెప్పాలి. మందుల మోతాదును సహరీ, ఇఫ్తారు వేళలకు తగినట్లు మార్చాలి. మందుల షాపువారు ఆ మార్పును విడమరచి చెప్పాలి. ఇన్సులిన్ సూది, వేలి రక్తపరీక్ష ఇంట్లోవాళ్లకు నర్సమ్మ నేర్పాలి. చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గినా, 300 దాటినా రోజా విరమించాల్సిందే. ఈ మాట ఇమాంసాబు చెబితే పెద్దలు వింటారు. వ్యాధిగ్రస్తులకు ఖుర్‌ఆనే మినహాయింపు ఇచ్చింది కదా! ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకపోతే నష్టపోయేది రోగే. కాబట్టి మందుల చీటీ అందరికీ చూపించండి. దాచకండి.