ఒప్పందం వాళ్ళది – ఆపద మనది

(పట్టిసీమలో జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నీళ్ళు కాచి తాగండి, బీపీ, షుగరు చూపించుకోండి అని చెప్పడం ఇటువంటి సభలలో ఆనవాయితీ. ఆ మాటలు చెప్పడానికి డాక్టరుగారు ఉన్నారు గనుక నేను మరొక విషయం ఎత్తుకుంటాను. మన ఇళ్ళలో రేషను కార్డు, ఆధార్ కార్డు పక్కనే భద్రంగా దాచుకున్న ఆరోగ్య కార్డు గురించి, కొందరు పిల్లలు ఉద్యోగాల మీద తల్లిదండ్రులకు తీసి ఇచ్చిన బీమా పాలసీల గురించి చెబుతాను. ఆ కార్డు ఉన్నా, ఆ పాలసీ ఉన్నా ఒక్కొక్కప్పుడు ఆసుపత్రి గుమ్మంలో "ప్రస్తుతం ఇది ఇక్కడ చెల్లదండి" అంటారు. ఎందుకంటారు? అప్పుడు మనం ఏం చెయ్యాలి? ఇదే నా ప్రసంగం.

మనది రేవు ఊరు. లంకలోని గుడికి పోవాలన్నా, అవతలి గట్టుకు పోవాలన్నా పడవ ఎక్కవలసిందే. పాట పాడుకున్న రేవు కాంట్రాక్టరుకు, పాట పెట్టినవారికి డబ్బు దగ్గర తగవు వచ్చి పడవ కట్టేశారనుకోండి. తగవు వాళ్ళిద్దరిదే. కాని ఇసుకలో మూటతో నిలబడేది ప్రయాణికుడు. ఆసుపత్రి సంగతీ అంతే. కార్డు వెనుక ఒక ఒప్పందం ఉంది. అందులో ఒక పక్షం డబ్బు చెల్లించే ప్రభుత్వ ట్రస్టో, బీమా కంపెనీయో. రెండవ పక్షం ఆసుపత్రి. ఎవరి కోసం ఆ ఒప్పందం వ్రాసుకున్నారో ఆ రోగి సంతకం మాత్రం అందులో ఉండదు.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై, అటు తరువాత అన్ని జిల్లాలకూ విస్తరించింది. మొదట్లో బీమా కంపెనీ ద్వారా నడిచింది. తరువాత ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతి వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ మారింది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. 2024లో దానికి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు వచ్చింది. గుండెకు, మూత్రపిండాలకు, క్యాన్సరుకు పేదవాడు పొలం అమ్ముకోకుండా వైద్యం పొందిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

కాని 2025 అక్టోబరు 10న ఏం జరిగిందో జ్ఞాపకం చేసుకోండి. బకాయిలు రెండున్నర వేల కోట్లు దాటిపోయాయి, ఇక మా వల్ల కాదు అని ప్రైవేటు ఆసుపత్రుల సంఘం వైద్య సేవ కింద సేవలు నిలిపివేసింది. చర్చలు జరిగి, కొంత సొమ్ము విడుదలకు హామీ దొరికి, ఆ నెలాఖరుకు గాని సమ్మె ముగియలేదు. అవతల తెలంగాణలో కూడా 2025 సెప్టెంబరులో ఆరోగ్యశ్రీ సేవలు ఇదే కారణం మీద ఆగాయి. ఆ రోజులలో కార్డు రద్దు కాలేదు. పరిమితి తగ్గలేదు. కాగితం మీద అంతా ఉంది, ఆసుపత్రి గుమ్మంలో లేదు.

ఆసుపత్రివారి మాట కూడా ధర్మంగా వినాలి. నర్సుకు జీతం నెల నెలా ఇవ్వాలి, మందుల కొట్టుకు బాకీ తీర్చాలి. చేసిన ఆపరేషనుకు డబ్బు నెలల తరబడి రాకపోతే చిన్న ఆసుపత్రి నిలవలేదు. ప్రభుత్వం మాట కూడా ఉంది. దొంగ బిల్లులు పెట్టేవారు ఉంటారు గనుక పరిశీలించకుండా ప్రజల సొమ్ము ఇవ్వలేము అంటుంది. రెండు మాటలలోనూ నిజం ఉంది. అయితే ఈ రెండు నిజాల మధ్య డయాలసిస్‌కు వారానికి రెండు మూడు మార్లు పోయే మనిషి ఉన్నాడు. అతనికి తగవు తీరేదాకా ఆగే వీలు లేదు.

ప్రైవేటు బీమా ఉన్నవారు మాకేమిటిలే అనుకోవద్దు. 2010 జూలైలో నాలుగు ప్రభుత్వరంగ బీమా కంపెనీలు ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, బెంగుళూరు నగరాలలో ఎన్నో పెద్ద ఆసుపత్రులకు క్యాష్‌లెస్ సదుపాయం తీసివేశాయి. ఆసుపత్రులు బిల్లులు ఎక్కువ వేస్తున్నాయని వారి ఫిర్యాదు. 2025 ఆగస్టులో ఇది తిరగబడింది. ఉత్తర భారతంలోని తమ సభ్య ఆసుపత్రులను సెప్టెంబరు 1 నుండి ఒక పెద్ద కంపెనీ పాలసీలకు క్యాష్‌లెస్ ఆపమని ఆసుపత్రుల సంఘమే సలహా ఇచ్చింది. రేట్లు ఏళ్ళ తరబడి పెంచడం లేదని వీరి ఫిర్యాదు. తరువాత కూర్చుని మాట్లాడుకుని సర్దుకున్నారు. ఈ లోపల పాలసీదారుల గుండెల్లో రాయి పడింది.

ఇక్కడ ఒక తేడా అందరూ బాగా తెలుసుకోవాలి. ప్రైవేటు పాలసీలో క్యాష్‌లెస్ ఆగినంత మాత్రాన బీమా ఆగదు. ముందు మనం డబ్బు కట్టి, అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం పెట్టుకుంటే, కంపెనీ తన షరతుల ప్రకారం తిరిగి చెల్లించాలి. వైద్య సేవ కార్డుకు అలా కాదు. ట్రస్టు డబ్బు ఆసుపత్రికే ఇస్తుంది. మనం చేతి డబ్బు కట్టుకుని తరువాత బిల్లు పెట్టి తెచ్చుకునే పద్ధతి అందులో లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవచ్చు, కాని అది వారు ఇస్తే వచ్చే సాయం. కావున కార్డు ఉన్నవాడు "ఇప్పుడు కట్టేద్దాం, తరువాత వస్తుంది" అని వడ్డీకి తెచ్చి కట్టకూడదు. ముందు ప్రభుత్వ ఆసుపత్రి వైపు చూడాలి. మనకు దగ్గరలో పోలవరంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరు రెండుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రి ఏనాటి నుండో ఉంది. ప్రైవేటువారు తలుపు వేసినప్పుడు మిగిలే తలుపు ఇదే. దాన్ని బాగు చేయించుకోవడం కూడా మన పనే.

ఇక ఆచరణకు వద్దాం.

మొదటిది, అడిగి బయలుదేరండి. నిరుడు మా బావకు అక్కడే చేశారు గదా అని వెళ్ళిపోవద్దు. నిరుడున్న ఒప్పందం ఈ ఏడు ఉందో లేదో! వైద్య సేవకు 104కు ఫోను చేసి, ఆ ఆసుపత్రిలో ఆ జబ్బుకు ఈ రోజు చేస్తున్నారా అని అడగండి. ఆసుపత్రిలో వైద్యమిత్ర ఉంటారు, ముందు వారిని కలవండి. "మా దగ్గర అన్ని కార్డులూ ఉన్నాయండి" అని బోర్డు మీద ఉన్నా సరే, మళ్ళీ అడగండి.

రెండవది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇవేవీ అడుగుతూ కూర్చోవద్దు. దగ్గర ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. ఆపదలో ఉన్న మనిషికి ముందు చికిత్స చెయ్యడం ప్రభుత్వ డాక్టరుకైనా, ప్రైవేటు డాక్టరుకైనా విధి అని 1989లో సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పింది.

మూడవది, పాలసీ ఉన్నవారికి. జాబితాలో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ అడిగే ఏర్పాటు 2024 జనవరిలో బీమా కంపెనీల మండలి ప్రకటించింది. ముందుగా అనుకున్న వైద్యమైతే చేరడానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపల కంపెనీకి తెలపాలి. కంపెనీ, ఆసుపత్రి ఇద్దరూ ఒప్పుకోవాలి. క్యాష్‌లెస్ అర్జీ మీద గంట లోపల, డిశ్చార్జి నాడు మూడు గంటల లోపల కంపెనీ ఏ సంగతీ తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఆదేశించింది. తేల్చకపోతే కంపెనీకి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెల రోజులలో న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఏడాది దాటనివ్వకండి.

నాలుగవది, కాగితం. బాకీ సంగతి వ్రాసి ఉంచుకోవాలని ఖుర్ఆన్ షరీఫ్‌లో బఖరా సూరాలో ఎంతో వివరంగా ఉన్నదని మీకు తెలుసు. ఆ అలవాటు ఆసుపత్రిలో కూడా కావాలి. "చెల్లదు" అన్నవారిని ఎందుకు చెల్లదో వ్రాసి ఇమ్మనండి. వ్రాసి ఇవ్వకపోతే తేదీ, వేళ, చెప్పినవారి హోదా మీరే వ్రాసుకోండి. నోటి మాట మీద ఏ ఆఫీసూ కదలదు.

ఇప్పుడు సంఘం చెయ్యవలసినవి. ప్రతి కుటుంబానికీ ఏ కార్డు ఉంది, ఏ పాలసీ ఉంది, ఎప్పటికి తిరగవ్రాయాలి అన్నది ఒక రిజిస్టరులో ఎక్కించాలి. చదువుకున్న మన కుర్రవాళ్ళిద్దరు ఫోన్లు చేసిపెట్టే బాధ్యత తీసుకోవాలి. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇవ్వడం 2024 అక్టోబరులో ప్రారంభించారు. మన ముసలివారిలో దానికి అర్జీ పెట్టనివారు ఎవరున్నారో చూడాలి. అలాగే కర్జె హసనా కింద ఒక చిన్న నిధి పెడదామని నా ప్రతిపాదన. పాలసీ ఉండి, క్యాష్‌లెస్ ఆగిపోయి, అడ్వాన్సు కట్టలేక నిలిచిపోయినవారికి ఆ నిధి నుండి వడ్డీ లేకుండా ఇద్దాం. కంపెనీ డబ్బు వచ్చాక వారు తిరిగి కట్టాలి. జకాత్ సొమ్ము వేరు, దాని హక్కుదారులు వేరు. రెండూ కలపకుండా లెక్క విడిగా ఉంచాలి.

చివరగా ఒక కోరిక. అమెరికాలో కూడా ఇటువంటి తగవులున్నాయి. అయితే 2022 జనవరి నుండి అక్కడ ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఒప్పందం తెగిపోయినా, వైద్యం నడుమ ఉన్న గర్భిణులకు, తీవ్రమైన జబ్బు ఉన్నవారికి పాత లెక్క మీదనే 90 రోజుల వరకు వైద్యం సాగించాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆ పైన ట్రస్టు భరించే కొత్త పద్ధతిని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించింది. అంటే ఇద్దరు మాట్లాడుకునే చోట ముగ్గురవుతారు. కావున వ్రాసుకునే ప్రతి ఒప్పందంలోనూ రెండు షరతులు స్పష్టంగా ఉండాలి. సేవ ఆపేముందు ప్రజలకు గడువు ఇచ్చి చెప్పాలి. మొదలుపెట్టిన వైద్యం మధ్యలో విడువరాదు. ఈ రెండూ కోరుతూ ఈ సభ తరఫున ఒక తీర్మానం చేసి, శాసనసభ్యులకు, ఆరోగ్య శాఖకు పంపుదామని మనవి చేస్తున్నాను. ఇది మన ఒక్క జమాత్ కోసం కాదు. ఆసుపత్రి వరండాలో పక్క బెంచీ మీద కూర్చున్నవారి కష్టమూ ఇదే గనుక ఊళ్ళోని మిగతా సంఘాలవారిని కూడా సంతకానికి పిలుద్దాం.

మాట నిలుపుకోవడం మన దీన్‌లో పెద్ద విధి. పెద్ద పెద్ద సంస్థలకు కూడా ఆ విధి ఉందని గుర్తు చెయ్యడం పౌరులుగా మన హక్కు.  అల్లాహ్ మన ఇళ్ళన్నింటికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. వస్సలాం.