కత్తిరించిన ఫోటో ఎక్కడికీ పోదు

(నంద్యాలలో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఏటా ఈ దినం జరుపుకొంటున్నాము. పెన్షన్ ఎవరి దయా కాదు, మన హక్కు అని ఆనాడు తేలింది. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడతారు. నాకు అప్పగించిన విషయం చూడటానికి చిన్నది. వర్డులో తయారైన పత్రంలోని ఫోటోను తీసి వెబ్ పేజీలో పెట్టడం ఎలా అన్నది. ఇది కుర్రాళ్ల పని గదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అట్లే అనిపించింది. రెండు సంఘటనలు జరిగిన తర్వాత నా అభిప్రాయం మారింది. ఆ రెండూ చెప్పి, పని చేసే పద్ధతి చెప్పి ముగిస్తాను.

నేను ఎల్.డి.సి.గా చేరిన రోజుల్లో టైపు మిషను, స్టెన్సిలు, సైక్లోస్టైలు, ఇవే మాకు తెలిసిన యంత్రాలు. స్టెన్సిలు మీద తప్పు పడితే ఎర్రటి మందు పూసి, ఊది ఆరబెట్టి, మళ్లీ కొట్టేవాళ్లం. నోట్ ఫైలులో తప్పు పడితే కొందరు పైన తెల్ల చీటీ అంటించేవారు. ఆడిటుకు వచ్చిన అనుభవజ్ఞులు ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, చీటీ కింద ఏముందో చదివేసేవారు. ఈ చీటీ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఉద్యోగ విరమణ తర్వాత మా మనవడి దగ్గర కంప్యూటరు కొంత నేర్చుకున్నాను. మన సంఘం వెబ్ పేజీల్లో దివంగత సభ్యుల వివరాలు, ఫోటోలు పెట్టే పని నాకు ఒప్పగించారు. ఆళ్లగడ్డలో నాతో కలిసి పనిచేసిన మిత్రుడొకరు కాలం చేశారు. పేరు చెప్పను. మేమిద్దరం ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం, కాబట్టి వారి శ్రీమతి నాకు చెల్లెలు. ఫోటో కావాలని అడిగితే ఆమె దగ్గర మంచిది ఒక్కటీ లేదు. ఇల్లు మారినప్పుడు ఆల్బం పోయింది. ఫోటోలున్న ఫోను చెడిపోయింది. చివరకు దొరికింది ఒకే ఒక్క వర్డు ఫైలు. ఆయన రిటైరైనప్పుడు డి.టి.పి. సెంటరులో కొట్టించిన సన్మాన పత్రం అది. దాని పైభాగాన తపాలా బిళ్ల అంత ఫోటో ఉంది.

నేను ఆ ఫోటో మీద నొక్కి, కాపీ చేసి, పెయింటులో అతికించి, పెద్దది చేసి పేజీలో పెట్టాను. ముఖమంతా చదరాలు చదరాలుగా పగిలిపోయి కనిపించింది. చెల్లెలు చూసి, "అన్నా, ఇది ఆయనే అని మనకు తెలుసు గాబట్టి తెలుస్తా ఉంది" అన్నది. అంతకంటే ఏమీ అనలేదు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఆదివారం మనవడు వచ్చినప్పుడు చెప్పాను. వాడు ఆ ఫైలుకు నకలు తీసి, దాని పేరు మార్చి, తెరిచాడు. ఎలా తెరిచాడో తర్వాత చెబుతాను. లోపల అసలు ఫోటో ఉంది. తపాలా బిళ్ల కాదు, పూర్తి ఫోటో! మెడలో పూలదండతో మా బావ, పక్కనే శాలువా కప్పుకొని చెల్లెలు, వెనుక వరుసలో నల్ల జుట్టుతో నేను. డి.టి.పి. అబ్బాయి ఆ ఫోటోను పత్రంలో పెట్టి, ముఖం మాత్రం కనిపించేటట్లు పక్కలు కత్తిరించాడన్న మాట. కానీ కత్తిరించిన భాగం ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లుగా ఫైలులోనే పడి ఉంది.

ప్రింటు తీయించి ఆళ్లగడ్డకు తీసుకుపోయి ఇచ్చాను. చెల్లెలు చాలాసేపు చూసింది. తర్వాత కళ్లు తుడుచుకొని, "అయితే అన్నా, ఇన్ని దినాలూ నన్ను కోసేసి పెట్టినారా దీంట్లో?" అని నవ్వింది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ల ఇంట్లో గోడ మీద ఉంది.

ఇది మొదటి సంఘటన. ఆ ఉత్సాహంలో మిగతా సభ్యుల ఫైళ్లన్నీ అదే విధంగా తెరవడం మొదలుపెట్టాను. రెండవది అక్కడే జరిగింది. జీవించి ఉన్న సభ్యులొకరి పరిచయ పత్రం తెరిచాను. పత్రంలో కనిపించేది వారి ముఖం మాత్రమే. లోపల చూస్తే, ఆ ముఖం కత్తిరించింది స్కాన్ చేసిన పెన్షను కాగితం నుండి! పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, పుట్టిన తేదీ, సంతకం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ వర్డు ఫైలును అంతకు వారం ముందు వాట్సాప్‌లో అందరికీ పంపినవాడిని నేనే. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉదయాన్నే వారింటికి వెళ్లి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్లి ఖాతాను కనిపెట్టి ఉండమని చెప్పాము. ఆ ఫైలును చెరిపివేయవలసిందిగా అందరినీ ప్రార్థించాను. దైవానుగ్రహం వల్ల నష్టమేమీ జరగలేదు.

ఆళ్లగడ్డ శిల్పులను మనమంతా చూశాము. ఉలి దెబ్బతో ఊడిన రాయి ఇక తిరిగి అతకదు. అందుకే వాళ్లు దెబ్బ వేసే ముందు ఒకటికి పదిసార్లు చూస్తారు. వర్డులో ఫోటోను కత్తిరించడం అటువంటిది కాదు. అది నేను మొదట చెప్పిన తెల్ల చీటీ. పైకి కనిపించదు, కింద భద్రంగా ఉంటుంది. చెల్లెలి విషయంలో అది వరమైంది. రెండవ వారి విషయంలో ప్రమాదం కాబోయింది. పద్ధతి తెలుసుకుంటే వరాన్ని ఉంచుకొని ప్రమాదాన్ని తప్పించుకోవచ్చు.

ఇక పని చేసే విధానం.

మొదటిది, ఫోటోను బయటకు తీయడం. 2007 నుండి వర్డు వాడుతున్న ఫైళ్ల పేరు చివర డి, ఓ, సి, ఎక్స్ అనే నాలుగు అక్షరాలు ఉంటాయి. నిజానికి అది ఒక మూట. మన రికార్డు రూములో ఎర్ర గుడ్డలో కట్టిన కట్ట వంటిది. ముందు ఫైలుకు నకలు తీయండి, అసలును ముట్టుకోవద్దు. నకలు పేరు చివరనున్న ఆ నాలుగు అక్షరాలు తీసేసి జెడ్, ఐ, పి అని పెట్టండి. అక్షరాలు కనిపించకపోతే ఫోల్డరులో వ్యూ అనే చోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్కు పెట్టాలి. హెచ్చరిక వస్తే భయపడక సరే అనండి. ఇప్పుడు దానిని తెరిస్తే వర్డ్ అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు ఉంటాయి. ఫోటోలన్నీ అక్కడ వరుస నంబర్లతో ఉంటాయి. పాత పద్ధతి డాక్ ఫైలైతే, ముందు వర్డులో తెరిచి కొత్త పద్ధతిలో భద్రపరచి, ఆ తర్వాత ఇదే పని చేయాలి.

ఇక్కడొక మాట. ఫైలును భద్రపరచినప్పుడు ఫోటోలను అంగుళానికి 220 చుక్కల లెక్కకు తగ్గించే అమరిక వర్డులో మామూలుగా ఉంటుంది. మా బావ పత్రం చేసిన అబ్బాయి అచ్చు బాగా రావాలని ఆ అమరికను ఆపి ఉంచాడు, అందువల్ల మాకు పెద్ద ఫోటో దక్కింది. మీరు కూడా ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోటికి వెళ్లి, ఫోటోలను కుదించవద్దు అనే గడికి టిక్కు పెట్టుకోండి. అంతకంటే మేలు, అసలు ఫోటోను విడిగా ఒక ఫోల్డరులో దాచుకోవడం. వర్డు ఫైలు ఫోటోలు దాచే బీరువా కాదు.

రెండవది, శుభ్రం చేయడం. తీసిన ఫోటోను పెయింటులో తెరిచి, కావలసిన భాగం మాత్రం కత్తిరించి, కొత్త పేరుతో భద్రపరచండి. ఇది శిల్పి పద్ధతి. ఆ కొత్త ఫైలులో కత్తిరించిన భాగం ఇక ఉండదు. వర్డులోనే ఉంచి పంపవలసి వస్తే, పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ అని ఉంటుంది. అందులో కత్తిరించిన భాగాలను తొలగించు అనే గడికి టిక్కు పెట్టి, ఆ తర్వాత భద్రపరచాలి. నంబరు మీద నల్ల డబ్బా గీసి దాచాను అనుకోవద్దు. వర్డులో ఆ డబ్బాను ఎవరైనా పక్కకు జరపవచ్చు. ఆధార్ కాగితం ఎక్కడైనా ఇవ్వవలసి వస్తే, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ దొరుకుతుంది, అది ఇవ్వండి.

మూడవది, కొలత. అచ్చుకు అంగుళాలు, సెంటీమీటర్లు ముఖ్యం. వెబ్ పేజీకి చుక్కల సంఖ్య ముఖ్యం, వాటినే పిక్సెళ్లు అంటారు. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు గల పాస్‌పోర్టు ఫోటోను 300 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే సుమారు 413 వెడల్పు, 531 ఎత్తు వస్తాయి. ముఖానికి అది చాలు. గ్రూపు ఫోటోకు 1000 నుండి 1200 వెడల్పు పెట్టుకోవచ్చు. ఫోనుతో తీసిన ఫోటో 4000 వెడల్పు ఉండి నాలుగైదు ఎం.బి. తూగుతుంది. దానిని అట్లే పెడితే పల్లెలో ఉన్న సభ్యుడి ఫోనులో పేజీ తెరుచుకోవడానికి ఒక కాఫీ తాగి రావచ్చు. పెద్దదాన్ని చిన్నది చేయవచ్చు గానీ, చిన్నదాన్ని పెద్దది చేస్తే నేను చేసిన పనే అవుతుంది.

నాలుగవది, రకం. ముఖాలకు, దృశ్యాలకు జేపెగ్. ముద్రలకు, సంతకాలకు, అక్షరాలున్న బొమ్మలకు 1996లో వచ్చిన పి.ఎన్.జి. జేపెగ్‌లో అక్షరాల అంచుల చుట్టూ మసక పేరుకొంటుంది. ఫైలు పేరులో ఖాళీలు లేకుండా ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు వాడండి. ఒకటి, రెండు అని గాక మనిషి పేరు, సంవత్సరం పెడితే రేపు వెతుక్కునేవారికి సులభం.

ఐదవది, తెలుగు అక్షరాలు. మన పత్రాల్లో చాలా భాగం డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. అందువల్ల సన్మాన పత్రం మొత్తాన్ని బొమ్మగా మార్చి పెట్టేద్దామని కొందరు అంటారు. నేనూ కొన్నాళ్లు అదే చేశాను. కానీ బొమ్మలో ఉన్న పేరును వెతికినా మామూలుగా దొరకదు. చూపు తగ్గినవారు అక్షరాలు పెద్దవి చేస్తే అలుక్కుపోతాయి. చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఉన్నా దానికి తోచదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ యూనికోడ్ తెలుగు ఉన్నది. కాబట్టి ఫోటోను ఫోటోగా, మాటలను మాటలుగా పెట్టండి. ప్రతి ఫోటోకూ వెనుక ఒక వాక్యం రాసే వీలుంది, దానిని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఫోటోలో ఎవరున్నారో, ఎక్కడో, ఎప్పుడో అందులో రాయండి. కన్ను ఆనని మన సభ్యులకు అదే ఫోటో.

మిత్రులారా, సర్వీసులో ఉన్నంతకాలం ఇతరుల కాగితాలను భద్రంగా కాపాడాము. సర్వీసు రిజిస్టరులో ఒక్క కొట్టివేతకు కూడా అధికారి సంతకం పెట్టించాము. ఇప్పుడు మన కాగితాలు, మన మిత్రుల ముఖాలు ఈ ఫైళ్లలో ఉన్నాయి. ఇంటికి వెళ్లిన తర్వాత ఒక్క పని చేయండి. మీ పిల్లల చేతనో, మనవళ్ల చేతనో, మీ పాత వర్డు ఫైళ్లకు నకళ్లు తీయించి తెరిపించి చూడండి. బయటి వాళ్లకు తెలియకూడని నంబరు లోపల ఉంటే తీయించండి. పోయిందనుకున్న ముఖం దొరికితే ప్రింటు తీయించి, ఎవరికి చెందాలో వారికి ఇవ్వండి.