ఫెజ్ నగరంలో ఒక పగలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మొరాకో వెళ్ళొచ్చారు గదా, ఆ విశేషాలు మన సభలో ఒక అరగంట చెప్పండి" అన్నారు. నేను ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. లెక్కల మాస్టారు అరగంటలో ఆపుతాడని నమ్మడం ఆయన మంచితనం. భయపడకండి, అంతకు ముందే ముగిస్తాను.

దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నిరుడు సెలవు పెట్టి, నన్నూ మా శ్రీమతినీ మొరాకో తీసుకువెళ్ళాడు. అది ఆఫ్రికా ఖండానికి వాయవ్య మూలన ఉన్న దేశం. అక్కడ నాలుగైదు ఊళ్ళు చూశాం గాని, ఈ వేళ ఒక్క ఊరి గురించే, అందులోనూ ఒక్క పగటి గురించే మనవి చేస్తాను. ఆ ఊరు ఫెజ్. అరబ్బీలో ఫాస్ అంటారు. ఈ పేరు మనకు బొత్తిగా కొత్త కాదు. హైదరాబాదులో పాతకాలపు పెద్దలు పెట్టుకున్న ఎర్రని కుచ్చు టోపీని మనం రూమీ టోపీ అంటాం. ఇంగ్లీషువాళ్ళు దానినే ఫెజ్ అన్నారు, ఈ ఊరి పేరు మీదుగా.

ఈ ఊరికి 789లో మొదటి ఇద్రీస్ పునాది వేశాడు. ఆయన కుమారుడు రెండో ఇద్రీస్ ఏటికి రెండో ఒడ్డున ఊరు పెంచాడు. అంటే పన్నెండు వందల ఏళ్ళు దాటిన ఊరు. 1912లో ఫ్రెంచివారు వచ్చి రాజధానిని రబాత్‌కు మార్చారు. 1981లో యునెస్కోవారు పాత ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

పొద్దున్నే బూ జలూద్ దర్వాజా దగ్గర మా గైడు కలిశాడు. మెడలో ప్రభుత్వంవారు ఇచ్చిన బిళ్ల, నెత్తిన టోపీ, చేతిలో చిన్న కర్ర. దర్వాజా పెంకుల పని బయటివైపు నీలం, లోపలివైపు ఆకుపచ్చ. "ఎన్ని వందల ఏళ్ళ నాటిదండీ?" అని అడిగాను. అతను నవ్వి, "1913లో ఫ్రెంచివారి హయాంలో కట్టింది. ఈ ఊళ్ళో ఇది పసిపిల్ల" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నాకు గురి కుదిరింది. లేనిది ఉన్నట్టు చెప్పే మనిషి కాదన్నమాట.

లోపలికి వెళితే మోటారు బండ్లు లేవు. వీధులు అంత ఇరుకు. కొన్ని సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అంటుకుని నిలబడాలి. సరుకంతా గాడిదల మీదా, కంచర గాడిదల మీదా వస్తుంది. వెనకనుంచి "బాలక్! బాలక్!" అని కేక వినపడితే తప్పుకోవాలి. మా శ్రీమతి మొదటి గంటలోనే ఆ మాట నేర్చుకుని నా మీదే ప్రయోగించింది.

మొదట చూసింది బూ ఇనానియా మదరసా. 14వ శతాబ్దం నడిమిలో సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించాడు. కింద రంగు పెంకులు, వాటిపైన గచ్చులో చెక్కిన నగిషీ, ఆపైన దేవదారు కర్ర పని. మన దేశానికి వచ్చి ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా చివరకు ఈ ఊరే చేరాడు. ఈ సుల్తాను ఆజ్ఞ మీదే తన యాత్రలన్నీ చెప్పి రాయించాడు. 1355లో ఆ గ్రంథం పూర్తయింది.

నన్ను ఆపింది ఆ నగిషీ కాదు. గోడమీద ఒక శిలాశాసనం ఉంది. ఈ మదరసా ఖర్చులకు ఏ ఏ ఆస్తులు వక్ఫ్ చేశారో అందులో చెక్కించారు. మన పాత కోవెలల్లో మాన్యాల శాసనాలు ఉంటాయే, అలాంటిదే. వక్ఫ్‌ను అక్కడ హబూస్ అంటారు. దుకాణాల బాడుగలూ, తోటల ఆదాయమూ మదరసాలకూ, మసీదులకూ, ఆసుపత్రికీ వెళ్ళేవి. "ఎవరూ కాదనకుండా రాతిమీద చెక్కారు" అన్నాడు గైడు. అప్పుడు ఆ మాట అంతగా పట్టించుకోలేదు.

పెద్ద వీధి వెంట పల్లానికి దిగుతూ పోయాం. ఒక్కో వృత్తికి ఒక్కో బజారు. నజ్జారీన్ అంటే వడ్రంగుల చోటు. అత్తారీన్ అంటే అత్తర్లూ సుగంధ ద్రవ్యాలూ అమ్మేవారి చోటు. ఈ మాటలు మన ఇళ్ళలోనూ ఉన్నవే గదా! ఆ దగ్గరలోనే సీదీ ఫ్రెజ్ అనే చోట 1286లో మరీనీ సుల్తాను ఒక ఆసుపత్రి పెట్టాడు. మతి చలించినవారికి అక్కడ వైద్యం జరిగేది. గాయపడిన కొంగలకు కూడా అక్కడే చికిత్స చేసేవారని చెబుతారు. అదీ వక్ఫ్ డబ్బుతోనే. ఆ కట్టడం 1944లో కాలిపోయింది. ఇప్పుడు అక్కడ దుకాణాలున్నాయి.

జుహర్ వేళకు ఖరవియ్యీన్ మసీదు చేరాం. మాతో నడిచిన స్పెయిన్ దంపతులు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ముస్లిమేతరులు లోపలికి రాకూడదన్న ఏర్పాటు ఫ్రెంచి పాలకుడు లియోటే కాలం నాటిదని గైడు చెప్పాడు. వాళ్ళను చూస్తే జాలి వేసింది. మన ఊళ్ళో మిలాదుకు వచ్చే నా హిందూ మిత్రులు గుర్తుకొచ్చారు.

లోపల తెల్లని స్తంభాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ముంగిట్లో వజూకు నీళ్ళు. మినారు 956 నాటిది. నమాజు చదువుకుని వచ్చాక గైడు ఆ మసీదు కథ చెప్పాడు.

ట్యునీషియాలోని ఖైరవాన్ నుంచి ఒక వర్తకుడి కుటుంబం ఈ ఊరికి వలస వచ్చింది. ఆయన పోయాక కూతురు ఫాతిమా అల్ ఫిహ్రీ తనకు వారసత్వంగా వచ్చిన డబ్బంతా పెట్టి 859లో ఈ మసీదు కట్టించింది. పని పూర్తయ్యేదాకా రోజాలు ఉంది. పరుల సొమ్ము ఇంతైనా కలవకూడదని, కావలసిన మట్టీ రాయీ ఆ స్థలంలోనే తవ్వించింది. ఆమె చెల్లెలు మర్యమ్ ఏటి అవతల అందలూసీల మసీదు కట్టించింది. ఈ సంగతులు 14వ శతాబ్దంలో ఇబ్న్ అబీ జర్ అనే చరిత్రకారుడు రాశాడు. నాలుగు వందల యాభై ఏళ్ళు దాటాక రాసిన మాట గనుక కొందరు పండితులకు సందేహాలున్నాయి. అయినా ఆ ఊరు వందల ఏళ్ళుగా గర్వంగా చెప్పుకుంటున్న కథ ఇదే.

ఆ మసీదులో మొదలైన చదువే పెరిగి పెద్దదై, 1963లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం అయింది. ప్రపంచంలో ఎడతెగకుండా నడుస్తున్న విద్యాపీఠాల్లో ఇదే అతి పాతదని యునెస్కోవారి మాట. ఒక ఆడకూతురు కట్టించిన చోట ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది మాత్రం 1940ల్లో! ఇదీ మనం గమనించవలసిందే.

దాని గ్రంథాలయం గుమ్మం సఫ్ఫారీన్ చౌకులోకి ఉంటుంది. సఫ్ఫారీన్ అంటే రాగి ఇత్తడి పనివారు. మహా చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన గ్రంథం ప్రతిని 1396లో ఈ గ్రంథాలయానికి ఇచ్చాడు. చెమ్మకు పాడైపోతున్న ఆ భవనాన్ని ఈమధ్య బాగు చేయించే పనిని ఆ ఊళ్ళోనే పుట్టిన అజీజా షావునీ అనే మహిళా వాస్తుశిల్పి చేపట్టింది. ఒకప్పుడు ప్రతులు దాచిన గదికి నాలుగు తాళాలు ఉండేవట. నాలుగు తాళం చెవులూ నలుగురి దగ్గర. మన కోశాధికారిగారు ఈ సంగతి రాసుకోవాలని మనవి.

ఆ చౌకులో చెట్టు కింద కూర్చున్నాం. చుట్టూ సుత్తి దెబ్బల మోత. అప్పుడు మా శ్రీమతి నా వైపు వంగి, "ఆ ఫాతిమా చేత కూడా ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉంటే ఈ మసీదు ఎక్కడుండేదండీ?" అంది.

మోతలో వినపడనట్టు నటించాను. గాని వినపడింది.

ఇప్పుడు చెప్పబోయేది నా సొంత తప్పు. మా అమ్మ ముందే పోయింది. మా తండ్రిగారు పోయినప్పుడు రెండున్నర ఎకరాల మాగాణి ఉంది. మేము మా ఆపా, నేను, మా తమ్ముడు. షరియత్ ప్రకారం కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఐదు పాళ్ళు చేస్తే ఆపాకు అర ఎకరం. ఇది ఆరో తరగతి లెక్క. నేను వందలమంది పిల్లల చేత చేయించాను. కాని చాలీస్వాఁ ఫాతెహా అయిన సాయంత్రం, నా వాటా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని నేనే ఒక కాగితం రాసి ఆపా ముందు పెట్టాను. చదివి వినిపించబోతే, "నువ్వు రాసింది నేను చదవాలా?" అని సంతకం చేసింది. దానికి మారుగా ఏటా రంజానుకు ఒక చీర పెడుతూ వచ్చాం. అదేదో మా ఔదార్యం అనుకున్నాం.

ఆ తరవాత చువారా తోళ్ళ లందలు చూడటానికి వెళ్ళాం. వాసనకు ముక్కు దగ్గర పెట్టుకోమని పుదీనా రెమ్మ చేతికిచ్చారు. మిద్దెమీద నుంచి చూస్తే కింద తొట్లు, తొట్లు, రంగురంగుల తొట్లు. సున్నంలో, పావురాల రెట్టలో తోళ్ళు నానేసి మెత్తబరుస్తారు. మనుషులు మోకాళ్ళ లోతు దిగి తొక్కుతున్నారు. దిగేటప్పుడు దారి దుకాణంలోంచే ఉంటుందనుకోండి! అక్కడ మా శ్రీమతి పసుపుపచ్చని తోలు చెప్పులు ఒక జత తీసుకుంది. "ఆపాకు" అంది. హమ్మయ్య, చెప్పులతో లెక్క తేలిపోయిందనుకున్నాను. "ఇవి నా తరఫున. మీరేమిస్తారో మీరు ఆలోచించుకోండి" అంది.

ఊరికి వచ్చాక నా దగ్గరున్న ఎకరం పావులో నా వంతుగా పావు ఎకరం ఆపా పేర రిజిస్టరు చేయించాను. మా తమ్ముడి సంగతి మా ఇంటి విషయం, ఇక్కడ చెప్పను. ఆపా దస్తావేజు తిరగేసి చూసి, "ఈసారి చదివి సంతకం పెడతా" అని, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. నాకు అక్కడ తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పొలం ఏంచేస్తుందో నాకు చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు. చెప్పులు మాత్రం బావున్నాయంది.

సోదరులారా, మన సంఘం ఏటా జకాత్ వసూలు చేసి పేద పిల్లలకు ఫీజులు కడుతోంది. మంచి పని. కాని ఆడబిడ్డ వాటా మన దగ్గర పెట్టుకుని, ఆమె పిల్లలకు సంఘం నుంచి సాయం ఇప్పించడం దానం కాదు. అది బాకీ. నిసా సూరాలో వాటాలు అంత స్పష్టంగా చెప్పి ఉండగా, మాఫీ కాగితాలు రాయించే ఈ ఆచారం మనం తెచ్చిపెట్టుకున్నదే. మన ఇళ్ళల్లో అలాంటి కాగితాలు ఎన్ని ఉన్నాయో నేను లెక్క అడగను. ఇంటికి వెళ్ళాక ఎవరి పెట్టె వారు తీసి చూసుకోండి.

ఫెజ్ గురించి చెప్పమంటే మా ఊరి పొలం గురించి చెప్పానని కార్యదర్శిగారు అనుకుంటే క్షమించాలి. ఆ ఊళ్ళో నేను చూసినవాటిలో నాతో ఇంటిదాకా వచ్చింది ఇదొక్కటే.