కింది బోర్డుల దగ్గర నేర్చుకున్నది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు దేని గురించి అని అడిగాను. "రిటైరయ్యాక చదరంగం పోటీలకు తిరుగుతున్నావట కదా, అదే చెప్పు" అన్నారు మన కార్యదర్శి గారు. ఈ హాల్లో పెద్ద ఉద్యోగాలు చేసినవారున్నారు, మిల్లులు నడిపినవారున్నారు. వాళ్ల విజయాలు విన్నాక నా ఓటములు వింటే భోజనాల ముందు కాస్త తేలిగ్గా ఉంటుందనుకున్నారేమో.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక పెద్ద ఓపెన్ టోర్నమెంట్ ఆడాను. ఓపెన్ అంటే వయసు అడ్డు లేదు, రేటింగ్ అడ్డు లేదు. ఫీజు కట్టినవాళ్లంతా ఒకే హాల్లో కూర్చుంటారు. మొత్తం 320 మంది, తొమ్మిది రౌండ్లు. నా రేటింగ్ 1480. రేటింగ్ ప్రకారం వరుస పెడితే నా నంబరు 240. నా చుట్టుపక్కల సగం మంది ఎనిమిదేళ్లు, పదేళ్ల పిల్లలు. వాళ్ల తల్లులు బయట వరండాలో టిఫిన్ బాక్సులు పట్టుకుని కూర్చున్నారు. నన్ను కూడా ఎవరి తాతగారో అనుకుని వాలంటీరు అబ్బాయి "పేరెంట్స్ బయట ఉండాలండీ" అన్నాడు. హాల్ టికెట్ చూపించినట్టు నా పేరున్న జాబితా చూపించి లోపలికి వెళ్లాను.

రేటింగ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. అమెరికాలో స్థిరపడిన అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు కట్టిన లెక్క ఇది. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని తీసుకుంది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి 64 పాయింట్లు వస్తాయని అంచనా. 200 తేడా ఉంటే 76, 400 ఉంటే 92. మొదటి రౌండులో నా ఎదుట కూర్చున్న కుర్రాడు నాకంటే 600 పైన ఉన్నాడు. ఎందుకంటే మొదటి రౌండులో పై సగాన్ని కింది సగంతో ఆడిస్తారు. ఒకటో నంబరుకు 161, ఎనభయ్యో నంబరుకు 240, అంటే నేను. ఓడిపోయాను. రెండో రౌండులో తొమ్మిదేళ్ల పాప చేతిలో ఓడిపోయాను. ఆ పాప కాళ్లు నేలకు ఆనలేదు. ఆట అయ్యాక "థాంక్యూ తాతగారూ" అని షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లింది.

మనం చిన్నప్పుడు ఆడిన పోటీలయితే నేను మొదటి ఆటతోనే సంచీ సర్దుకోవాలి. ఈ పద్ధతి వేరు. దీన్ని స్విస్ పద్ధతి అంటారు. 1895లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో మొదటిసారి వాడారు. ఇందులో ఓడినవాణ్ణి ఇంటికి పంపరు. ఓడినవాడికి తర్వాతి రౌండులో, అంతే పాయింట్లున్న ఇంకొకణ్ణి ఎదురుగా కూర్చోబెడతారు. గెలిస్తే కాస్త గట్టివాడు వస్తాడు, ఓడితే కాస్త మెత్తనివాడు వస్తాడు. నాలుగైదు రౌండ్లయ్యేసరికి ప్రతివాడూ తన స్థాయి వాడితో తలపడుతుంటాడు. ఆఖరి బోర్డు దగ్గర కూడా ఆట ఆటే. మూడో రౌండు గెలిచాను, నాలుగు ఓడాను, ఐదు గెలిచాను.

ఆరో రౌండు గురించి చెప్పాలి. ప్రత్యర్థి ఇంజనీరింగ్ చదివే అబ్బాయి, రేటింగ్ 1900 పైచిలుకు. ఆ టోర్నమెంటు అతనికి కలిసిరాలేదు గనకే నా దాకా వచ్చాడు. నాలుగు గంటలు గడిచేసరికి నాకు రాజు, ఏనుగు మిగిలాయి. అతనికి రాజు, ఏనుగు, ఒక బంటు. ఆ బంటును మంత్రి చేయించడమే అతని పని, ఆపడమే నా పని. హాలు సగం ఖాళీ అయింది.

ఆ స్థితి నాకు తెలుసు. మన లెక్కల మాస్టారు శనివారం మధ్యాహ్నాలు వరండాలో డ్రాయింగు షీటు మీద గళ్లు గీసి మనకు చూపించిందే. మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరుతో ఉన్న రక్షణ అది. మన రాజును బంటు దారికి అడ్డంగా పెట్టాలి. మన ఏనుగును మనవైపు నుంచి మూడో వరుసలో నిలిపి కదలకుండా కాపు కాయాలి. అప్పుడు అవతలి రాజు ముందుకు రాలేడు. విసిగి బంటును ఆ వరుసలోకి తోస్తే, వెంటనే ఏనుగును అవతలి చివరికి పంపి వెనకనుంచి చెక్ మీద చెక్ ఇవ్వాలి. దాక్కోవడానికి ఆ రాజుకు చోటుండదు. "తొందరపడకండర్రా, బంటు కదిలేదాకా మీరు కదలొద్దు" అనేవారు మాస్టారు. నలభై ఆరేళ్ల తర్వాత ఆ వరుస మీదే ఏనుగును అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. బంటు కదిలింది. నా ఏనుగు వెళ్లింది. ఆట డ్రా అయింది. "అంకుల్, ఏ అకాడమీ మీది?" అని అడిగాడు ఆ అబ్బాయి. "తణుకు, మా బడి వరండా" అన్నాను.

మొత్తం మీద తొమ్మిదికి నాలుగు పాయింట్లు వచ్చాయి. బహుమతి లేదు. కాని తొమ్మిది ఆటలు ఆడి వచ్చాను. నా దృష్టిలో బహుమతి అదే.

పెద్దవాళ్లకూ ఇదే పద్ధతి కలిసొచ్చింది. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే పోటీలో మొదటి రౌండే ఓడిపోయింది. నాకౌట్ అయితే కథ అక్కడితో సరి. పదకొండు రౌండ్ల స్విస్ గనక కూర్చుని ఆడింది, ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి కిరీటం తెచ్చింది. ఆమెకూ నాకూ పోలిక లేదు. ఆట పెట్టే పద్ధతి గురించే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. స్వర్ణోత్సవాల్లో భాగంగా చుట్టుపక్కల బడుల పిల్లలకు చదరంగం పోటీ పెడదామని కమిటీ అనుకుంటోంది. ఒక్కరోజులో అయిపోవాలి గనక నాకౌట్ అన్నారు. దయచేసి లెక్క చూడండి. 64 మంది పిల్లలు వస్తే, నాకౌట్‌లో మొదటి ఆటకే 32 మంది వెళ్లిపోతారు. వేల్పూరు నుంచో, దువ్వ నుంచో, అత్తిలి నుంచో బస్సెక్కి వచ్చిన పిల్ల పది గంటలకల్లా తిరుగు బస్సు కోసం నిలబడుతుంది. మొత్తం జరిగేవి 63 ఆటలు. అదే స్విస్ పద్ధతిలో ఆరు రౌండ్లు పెడితే 192 ఆటలు. అక్కడా ఆరు రౌండ్లే, ఇక్కడా ఆరు రౌండ్లే, విజేత తేలడానికీ అవే సరిపోతాయి. ఆటకు అరగంట చొప్పున సాయంత్రానికి అయిపోతుంది. అదనంగా కావలసింది అందరికీ మధ్యాహ్నం భోజనం. బోర్డులు, గడియారాలు మా 1979 బ్యాచ్ తెస్తుంది. భోజనం సంగతి మిగతా బ్యాచ్‌లు చూడాలి. గోదావరి జిల్లాలో అన్నం దగ్గర వెనకాడేవాళ్లెవరూ ఉండరు.

మాస్టార్లకు ఇంకో మనవి. ఆ రోజు మొదటి బోర్డు దగ్గర ఎలాగూ అందరూ గుమిగూడతారు. మీరు మాత్రం కాసేపు చివరి బోర్డుల దగ్గర నిలబడండి. మూడు ఆటలు ఓడి నాలుగోదానికి కూర్చున్న పిల్లవాడికి, తనను ఎవరో చూస్తున్నారని తెలియాలి. ఈ బడిలో మమ్మల్ని అలా చూసిన గురువులున్నారు. అందుకే యాభై ఏళ్ల సంఘం ఈరోజు ఇంత నిండుగా ఉంది.