దివిసీమ నుంచి గోపాల్‌పూర్ దాకా – ఒక సైనికుడి లెక్క

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్మీడియట్ పాసై రిక్రూటుగా చేరి, సుబేదారుగా పెన్షన్‌కు వచ్చినవాణ్ణి. పరేడ్ గ్రౌండులో గొంతెత్తడం వచ్చు గానీ మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి. కార్యదర్శి గారు "సమాజం – భవిష్యత్తు" అని విషయం ఇచ్చారు. చాలా పెద్ద విషయం. అందులో నా కళ్లతో చూసిన ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

మనవాళ్లం ఎక్కడ కలిసినా మాటలు ఎటు పోతాయో మీకు తెలుసు. కాంటీన్ క్యూలో గానీ, ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ బెంచీల మీద గానీ, "దేశం పాడైపోయింది సాబ్, మన రోజులే నయం" అంటాం. నేనూ అన్నాను. 2017లో పెన్షన్‌కు వచ్చాక ఓ మూడేళ్లు నా పని అదే. పొద్దున పేపరు, పగలు టీవీ, రాత్రి ఫోను. ఎక్కడ చూసినా హత్యలు, మోసాలు, కొట్లాటలు. ఒకరోజు భోజనాల దగ్గర మా అమ్మాయితో, "ఈ దేశం బాగుపడదమ్మా, నీ దారి నువ్వు చూసుకో" అన్నాను. అప్పుడది నర్సింగు చదువుతోంది. కంచంలో చెయ్యి ఆపి, "అయితే నాన్నా, ఇరవై ఎనిమిదేళ్లు మీరు దేనికోసం చేశారు?" అంది.

కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరవాత చాలా రోజులు ఆలోచించి నాకు నేను చెప్పుకున్న జవాబే ఇవాళ మీకు చెబుతున్నాను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు ఏడేళ్లు. పొద్దుటి నుంచీ గాలి. మా పేటలో అన్నీ తాటాకు ఇళ్లే. రేడియో ఉన్నది ఒక్క ఇంట్లో. తుఫాను వస్తుందని అనుకున్నారు గానీ, ఎక్కడికి పోవాలి, ఎప్పుడు పోవాలి అని చెప్పినవాడు లేడు. పోదామన్నా పక్కా డాబా అనేది కనుచూపు మేరలో లేదు. సాయంత్రం సముద్రం తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని పెద్దవాళ్లు అంటారు. నాకు గుర్తున్నది చీకటి, ఉప్పునీళ్లు, నన్ను తుమ్మచెట్టుకు అదిమిపెట్టి పట్టుకున్న మా అమ్మ చేతులు. మా నాయనమ్మ, మా చెల్లెలు దక్కలేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల గతి మీలో కృష్ణా జిల్లా వాళ్లకు చెప్పనక్కరలేదు. మొత్తం మీద పదివేల మంది దాకా పోయారు. అంతకంటే ఎక్కువే అనేవాళ్లూ ఉన్నారు.

తరవాత ఇరవై రెండేళ్లకు, 1999 అక్టోబరు 29న, ఒడిశాలో సూపర్ సైక్లోన్. నేనప్పుడు నాయక్‌ని. కార్గిల్ అయిన ఏడాదే అది. మా కాలమ్‌ను సహాయానికి పంపారు. రోడ్ల మీద పడ్డ చెట్లు కోసుకుంటూ, అడుగు అడుగు చొప్పున లోపలికి పోయాం. జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు పోయినవాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకు తెలుసు. పశువులూ మనుషులూ ఒకే గుంటలో. అక్కడా పదివేలకు దగ్గరగా చనిపోయారు. ఓ పొలం గట్టు మీద నా చెల్లెలంత పిల్లను చూశాను. ఆ రోజు లంగర్లో రొట్టె ముట్టలేకపోయాను. ఇరవై రెండేళ్లలో ఏమీ మారలేదు, ఇక మారదు అని నాకు గట్టిగా అనిపించింది ఆ రోజే.

ఇక 2013. అక్టోబరు 12 రాత్రి, దుర్గాష్టమి నాడు, గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. నేనప్పుడు నాయబ్ సుబేదార్‌ని. ఈసారి తుఫాను పోయాక కాదు, రాకముందే మమ్మల్ని గంజాం జిల్లాలో దించారు. రాత్రంతా తలుపులు బిగించుకుని కూర్చున్నాం. మా కుర్రాళ్లకు చెప్పాను, "తెల్లారాక చూడబోయేది చూసి ఎవరూ డీలా పడొద్దు" అని. స్ట్రెచర్లు, తెల్లగుడ్డ, బ్లీచింగ్ పౌడరు సిద్ధం చేయించాను. 1999ని మనసులో పెట్టుకుని చేసిన బందోబస్తు అది.

తెల్లారి ఒక బెస్త పల్లెకు పోయాం. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే బెస్తవాళ్లు చాలామంది ఉంటారు. ఊళ్లో ఇల్లన్నది నిలబడి లేదు. పడవలు చెట్ల కింద ఇరుక్కున్నాయి. మనిషి అలికిడి లేదు. గుండె జారిపోయింది. అంత దూరం నడిచి తుఫాను షెల్టరుకు పోతే, ఊరంతా అక్కడుంది! పిల్లల ఏడుపులు, ఆడవాళ్ల తగాదాలు, పొయ్యి మీద కిచిడీ. ఒక ముసలామె నా యూనిఫాం చూసి, "ఏటి బాబూ, నిన్న బలవంతంగా నన్ను లాక్కొచ్చేరు, నా మేక ఏమయిపోనాదో సూసేరా? టీలో పంచదారైనా ఎయ్యలేదు" అని గట్టిగా తగులుకుంది. నాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. మా నాయనమ్మను ఎవరైనా అలా లాక్కుపోయి ఉంటే, అని అనిపించింది. నా తెల్లగుడ్డ కట్ట విప్పకుండానే స్టోరుకు తిరిగి పోయింది.

నాలుగు రోజుల తరవాత ఫోను కలిస్తే మా అమ్మ అడిగింది, "ఎంతమంది పోయారురా?" అని. "మేం పోయిన ఊళ్లో ఎవరూ పోలేదమ్మా" అన్నాను. కాసేపు మాట లేదు. తరవాత, "ఎవరూనా?" అని మళ్లీ అడిగింది.

సోదరులారా, ఆ తుఫానుకు ఒడిశాలో సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు నలభై పైచిలుకు. ఆ నలభై కుటుంబాలకూ దుఃఖం దుఃఖమే. ఇళ్లూ, పంటలూ, పడవలూ పోయి లక్షలమంది నష్టపోయారు, అదీ నిజమే. కానీ పదివేలెక్కడ, నలభై ఎక్కడ? 2019 మేలో ఫణి తుఫాను వచ్చినప్పుడు పన్నెండు లక్షల మందిని తరలించారు. అప్పుడు ఒడిశాలో పోయినవాళ్లు అరవై నలుగురు.

ఇది ఎలా జరిగింది? దేవుడు తుఫానుల్ని తగ్గించలేదు. మనుషులు ఒక్కో ఇటుక పేర్చారు. ఉపగ్రహాలు, తీరంలో రాడార్లు వచ్చాయి. వాతావరణ శాఖ వాళ్లు ఎక్కడ, ఎప్పుడు అని రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. 1999 దెబ్బ తిన్న ఒడిశా ఆ ఏడాదే విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టుకుని, తీరం పొడుగునా షెల్టర్లు కట్టుకుంది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం, 2006లో ఎన్.డి.ఆర్.ఎఫ్. వచ్చాయి. ఫైలిన్ అప్పుడు అక్కడి ఉద్యోగులకు దసరా సెలవులు రద్దు చేశారు. మనకు సెలవు రద్దయితే ఇంట్లో ఎంత రభసో, వాళ్లకూ అంతే గదా!

దారి తిన్నగా సాగలేదు, అదీ చెప్పాలి. 1990 మే తుఫానుకు మన తీరంలో జనాన్ని బాగానే తరలించారు, అయినా వెయ్యికి దగ్గరగా పోయారు. 1996 నవంబరులో కోనసీమ తుఫానుకు మళ్లీ వెయ్యి దాకా. ప్రతిసారీ ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుని, మళ్లీ కట్టుకుంటూ వచ్చారు.

పక్క దేశం సంగతి చూడండి. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 తుఫానుకు మూడు లక్షల మందికి తక్కువ పోలేదు. 1991లో లక్షా 38 వేల దాకా. 2007 సిడర్‌కు మూడున్నర వేల దాకా. 2020 అంఫన్‌కు పాతిక ముప్పై మంది. పేద దేశమే. కానీ అక్కడ డెబ్బై వేలకు పైగా వలంటీర్లు, మైకులు, జెండాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. అదే 2008లో మయన్మార్‌లో నర్గీస్ తుఫానుకు లక్షకు పైగా చనిపోయారు. ముందు హెచ్చరికలు లేక కాదు, అవి ఊళ్లకు చేరలేదు, జనాన్ని కదిలించినవాడు లేడు. అంటే మంచి అనేది కాలం గడిస్తే దానంతట అది రాదు. ఎవరో ఒకరు డ్యూటీ చేస్తేనే వస్తుంది.

"ఇవన్నీ లెక్కలు సాబ్, మనుషుల్లో మంచితనం పోయింది గదా" అంటారు కొందరు. నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు తిరిగి అడుగుతున్నాను: పది లక్షల మంది పండగ నాడు ఇల్లూ గొడ్డూ వదిలి, తెలియని ఒకడి మాట నమ్మి కదిలారంటే, అది మంచితనం లేకుండా జరిగే పనా? మేకను వదిలి రానన్న ముసలామెను ఎవరో కుర్రాడు మోసుకొచ్చాడు. వాడి పేరు ఏ పేపర్లోనూ రాలేదు. చావు వార్త అవుతుంది. బతికి ఉండటం వార్త కాదు. అందుకే పేపరు చదివితే దేశం పాడైనట్టే కనిపిస్తుంది.

అంతా బాగుందని నేను అనను. 2024 జూలైలో వయనాడ్‌లో కొండ విరిగిపడి రెండొందల మందికి పైగా పోయారు. అక్కడ మన మద్రాస్ సాపర్లు చూరల్‌మలలో బెయిలీ వంతెన కట్టారు, గర్వపడ్డాం. కానీ ఆ ఊళ్లను ముందే ఖాళీ చేయించే రోజు రావాలి. తుఫాను విషయంలో సాధించినది కొండచరియల విషయంలో, వరదల విషయంలో ఇంకా సాధించాలి. సాధించగలం అని చెప్పడానికి నాకు రుజువు ఉంది కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

చివరిగా ఒక విన్నపం. మనకు పెన్షన్ వచ్చింది గానీ ట్రైనింగు పోలేదు. తాడు కట్టడం, ఫస్ట్ ఎయిడ్, జనాన్ని క్యూలో నిలబెట్టడం, చీకట్లో కంగారు పడకపోవడం – ఇవి మనకు మామూలు. ఊళ్లలో చాలామందికి తెలియవు. "ఆపద మిత్ర" కింద వలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. అలాంటి శిక్షణ ఇప్పుడు ఉందేమో మీ జిల్లా కలెక్టరేట్‌లో కనుక్కోండి, ఉంటే మీ ఊరి కుర్రాళ్లను పంపండి. ఏమీ కుదరకపోతే, ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల పేర్లు, నడవలేని వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. హెచ్చరిక వచ్చిన రోజున ఆ కాగితమే ప్రాణాలు కాపాడుతుంది. మా ఊళ్లో నేను రాసిన దాంట్లో ఇరవై మూడు పేర్లున్నాయి.

మా అమ్మాయి ఇప్పుడు నర్సుగా చేస్తోంది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఆ కాగితం చూపించాను. ఇరవై మూడూ చదివి, "వీళ్లలో బీపీ, షుగరు ఎవరికున్నాయో కూడా రాయాలి నాన్నా" అని పెన్ను తీసుకుంది. పాత ప్రశ్న మళ్లీ అడగలేదు.